స్టాటిక్ లైన్ పారాచూట్ దానంతట అదే ఎలా విచ్చుకుంటుంది?

యలహంక నివాసి:
మా తమ్ముడు బెంగళూరులోని పారాచూట్ రెజిమెంట్ శిక్షణ కేంద్రంలో ఉన్నాడు. త్వరలో దూకడం నేర్చుకోవడానికి ఆగ్రా వెళ్తాడు. విమానంలోంచి దూకగానే భయంతో వాడికి చేతులు ఆడకపోతే ఆ గొడుగును ఎవరు విప్పుతారని మా అమ్మ రోజూ అడుగుతోంది. తెలిసినవారు ఆమెకు చదివి వినిపించగలిగేలా వివరించగలరా?

విశ్రాంత వాయుసైనికుడు, జాలహళ్ళి:
పారాచూట్లు మడిచే విభాగంలో పనిచేసినవాణ్ణి. ప్రధాన పారాచూట్ కోసం మీ తమ్ముడు ఏ తాడూ లాగనక్కర్లేదని అమ్మగారికి ముందుగా చెప్పండి. విమానం లోపల పొడవునా ఒక ఉక్కు తీగ బిగించి ఉంటుంది. వీపు మీది పారాచూట్ నుంచి వచ్చే పట్టీ కొక్కేన్ని దూకేముందు ప్రతి ఒక్కరూ ఆ తీగకు తగిలిస్తారు. సాధారణంగా 15 అడుగుల పొడవుండే ఆ పట్టీనే స్టాటిక్ లైన్ అంటారు. మనిషి పడుతుండగా అది బిగుసుకొని, మూత తెరిచి, లోపలి సంచిని బయటికి లాగుతుంది. రబ్బరు బ్యాండ్లతో మడతలుగా పట్టి ఉంచిన తాళ్లు ఒక్కొక్క మడతే విడిపోతూ సాగుతాయి. అవి పూర్తిగా సాగాకే గుడ్డ బయటికి వస్తుంది. చివరికి గుడ్డ నడినెత్తిని సంచికి కట్టిన దారం మనిషి బరువుకు పుటుక్కున తెగుతుంది. ఆ దారం మరీ గట్టిదైతే మనిషి విమానానికే వేలాడవలసి వస్తుంది కాబట్టి, నిర్ణయించిన బలం గల దారం తప్ప మరొకటి కట్టకూడదు. నేను అన్నిటికంటే శ్రద్ధగా చేసిన పని అదే.

ఇంత ఏర్పాటు ఎందుకంటే, 1,000 అడుగుల ఎత్తు నుంచి పారాచూట్ లేకుండా పడితే నేలను తాకడానికి 10 సెకన్లు కూడా పట్టదు. అందుకే దూకగానే అంకెలు లెక్కపెట్టడం నేర్పుతారు. లెక్క పూర్తయినా గుడ్డ విచ్చుకోకపోతే ఛాతీ మీది రిజర్వ్ పారాచూట్ పిడిని మాత్రం తన చేత్తోనే లాగాలి. ఈ సంగతి అమ్మగారి దగ్గర దాచవద్దు.

కోరమంగల ఇంజినీరు:
చాలా ఎత్తు నుంచి స్వేచ్ఛగా పడుతూ దూకేవారికి వేరే పరికరం ఉంటుంది. జర్మనీకి చెందిన హెల్ముట్ క్లోథ్ రూపొందించి 1991లో విడుదల చేసిన సైప్రెస్ అలాంటిదే. అది గాలి పీడనాన్ని బట్టి ఎత్తునూ వేగాన్నీ లెక్కిస్తుంది. అనుభవజ్ఞుల కోసం చేసిన రకమైతే, సుమారు 225 మీటర్ల ఎత్తున కూడా మనిషి సెకనుకు 35 మీటర్లకు మించిన వేగంతో పడుతుంటే, రిజర్వ్‌ను మూసి ఉంచిన దారపు ముడిని చిన్న బ్లేడు కోసేస్తుంది. వెంటనే స్ప్రింగు ఉన్న చిన్న గొడుగు ఎగిరి రిజర్వ్‌ను లాగుతుంది. దీన్ని దూకే చోటి నేల మీదే ఆన్ చేయాలి. చెన్నైలో ఆన్ చేసి, సుమారు 900 మీటర్ల ఎత్తున్న బెంగళూరులో దూకితే, నేలను తాకే క్షణంలోనూ ఇంకా ఎంతో ఎత్తున ఉన్నామనే అది భ్రమపడుతుంది.

యలహంక నివాసి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. అమ్మ దారం సంగతి రెండుసార్లు చదివించుకొని, అది సరిగ్గా కట్టారో లేదో ఎవరు చూస్తారని అడిగింది.

విశ్రాంత వాయుసైనికుడు, జాలహళ్ళి:
మడిచిన మనిషి కాక మరొకరు దశదశకూ తనిఖీ చేస్తారు. ప్రతి పారాచూట్‌కూ ఒక రికార్డు ఉంటుంది. అందులో తేదీ వేసి సంతకం చేయనిదే అది ఎవరి వీపు మీదికీ వెళ్లదు.