పెద్దవాళ్లు ఇంట్లో పడకుండా మీరేం చేశారు? (పాత పెంకుటిల్లు, పెరట్లో బాత్రూం)

రాజోలు ఆడపడుచు:
మా అమ్మకి 76 ఏళ్లు. రాజోలు దగ్గర లంక ఊళ్లో మండువా ఇంట్లో ఒక్కతే ఉంటుంది. నేను కాకినాడలో, తమ్ముడు కువైట్‌లో. మొన్నామధ్య తెల్లవారుజామున పెరట్లోకి వెళ్తూ వెనక వసారా మెట్టు మీద పడింది. మణికట్టు బెణకడంతో పోయింది కాబట్టి సరిపోయింది. అప్పటినుంచి తమ్ముడికి టెన్షన్. ఇల్లంతా టైల్స్ వేయించి కెమెరాలు పెట్టించేద్దాం అంటున్నాడు. అమ్మేమో "కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ నడుస్తున్న ఇల్లు, నాకు దారి చూపిస్తారా" అని కోప్పడుతోంది.

ఇంటి సంగతి చెప్తాను. నాలుగు గడపలు దాటితే గానీ పెరడు రాదు. బాత్రూం నూతిగట్టు పక్కన. రాత్రి రెండు మూడుసార్లు లేస్తుంది. బీపీకీ షుగర్‌కీ మాత్రలున్నాయి. డబ్బు దేనికి పెట్టాలో, దేనికి అక్కర్లేదో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

తణుకు తాపీపని:
అమ్మా, టైల్స్ మాట మాత్రం ఎత్తకండి. ఇప్పుడు అందరూ అడిగేది అద్దంలా మెరిసే విట్రిఫైడ్. దాని మీద రెండు చుక్కల నీళ్లు పడితే కుర్రాళ్లకే కాలు నిలవదు. మీ పాత గచ్చే నయం. ఖర్చు పెట్టాలనుంటే బాత్రూంలో ఒక్కచోట పెట్టండి. గరుకుగా ఉండే యాంటీ స్కిడ్ రకం, వీలైనంత చిన్న సైజు పలకలు అడగండి. అతుకులు ఎక్కువుంటే కాలికి పట్టు దొరుకుతుంది. నీళ్లు నిలవకుండా వాటం సరిగ్గా ఇచ్చాడో లేదో బిందెడు నీళ్లు పోసి చూసుకున్నాకే మేస్త్రికి డబ్బులివ్వండి.

నూతిగట్టు మీద వానాకాలం పాచి పడుతుంది కదా, అది టైల్స్ కంటే ప్రమాదం. బ్లీచింగ్ చల్లి కాసేపుంచి కొబ్బరి పీచుతోనో గట్టి చీపురుతోనో తోమి కడిగేయాలి. వానలు తగ్గేదాకా మళ్లీ మళ్లీ చెయ్యాల్సిందే.

పట్టుకునే రాడ్డు విషయం. తువ్వాళ్లు ఆరేసుకునే రాడ్డు పట్టుకుని లేస్తే రాడ్డుతో సహా కింద పడతారు. స్టీలు గ్రాబ్ బార్ అని వేరే ఉంటుంది. పాత ఇళ్లలో గోడలు మట్టితోనో సున్నంతోనో కట్టినవి, మేకు దిగుతుంది గానీ బరువు ఆపదు. అలాంటి చోట గోడ నమ్ముకోకుండా నేలలో కాంక్రీటు పోసి జి.ఐ. పైపు పాతించండి. ఎత్తు ఎంతో మేస్త్రి చెప్పకూడదు. అమ్మగారిని కూర్చోబెట్టి, లేచేటప్పుడు చెయ్యి ఎక్కడికి వెళ్తుందో అక్కడ సుద్దతో గీత గీయండి.

ఇంకోటి. వీధి గుమ్మం గడపకి పసుపు రాసి బొట్లు పెడతారు కాబట్టి మసక చూపుకి కూడా ఆనుతుంది. పెరటి గుమ్మం గడపని ఎవరూ పట్టించుకోరు, నేలా గడపా ఒకే రంగులో కలిసిపోతాయి. నేను చూసినంతలో పడేది ఎక్కువగా అక్కడే. గడప తీయించమంటే పెద్దవాళ్లు ఒప్పుకోరు, అడగొద్దు కూడా. అంచుకి పసుపు రంగు పెయింటు కొట్టించండి, వసారా మెట్టు అంచుకి కూడా. మెట్టు బదులు వాలు కట్టిద్దాం అంటే ఆరంగుళాల ఎత్తుకి ఆరడుగుల పొడుగు కావాలి. జాగా లేదని పొట్టిగా కడితే అది జారుడుబల్లే.

భీమవరం ఫిజియో:
తణుకు గారు చెప్పినవన్నీ చేయించండి. కానీ నేను ముందు అడిగేది నేల గురించి కాదు. అమ్మగారు కాలు జారి పడ్డారా, కళ్లు తిరిగి పడ్డారా, మోకాలు లొంగిపోయి పడ్డారా? "ఏమో, పడ్డాను" అంటారు. కూర్చుని నెమ్మదిగా అడిగితే గుర్తు చేసుకుంటారు.

తెల్లవారుజామున లేచీ లేవగానే పడ్డారంటే రెండు అనుమానాలు. ఒకటి, పడుకున్నవాళ్లు నిలబడగానే బీపీ పడిపోవడం. పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక మూడు నిమిషాల్లోపు మళ్లీ బీపీ చూడాలి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే డాక్టర్‌కి చెప్పాల్సిన విషయమే. బీపీ మాత్రలు, నీరు పోయే మాత్రలు, మగవాళ్లకి ప్రోస్టేట్ మాత్రలు, నిద్రమాత్రలు, వీటన్నిటితోనూ ఇది రావచ్చు, లేదా మత్తుగా తూలొచ్చు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవి కూడా కలిపి మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మీ అంతట మీరు ఏదీ ఆపొద్దు.

రెండోది, షుగర్ పడిపోవడం. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలో ఇన్సులినో వాడుతూ రాత్రి సరిగ్గా తినకపోతే తెల్లారేసరికి షుగర్ తగ్గిపోవచ్చు. ఉపవాసాల రోజుల్లో మరీ జాగ్రత్త. అరికాళ్లు తిమ్మిరెక్కి నేల తెలియట్లేదంటే అది కూడా చెప్పండి. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఏళ్ల తరబడి వాడేవాళ్లకి బి12 విటమిన్ తగ్గి అలా తిమ్మిర్లు వచ్చే అవకాశం ఉంది, రక్తపరీక్షలో తెలుస్తుంది.

ఇంట్లోనే చిన్న పరీక్ష చేయొచ్చు. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోవాలి. 12 సెకన్లు, అంతకు మించి పడితే పడే ముప్పు ఉన్నట్టు లెక్క. పక్కన ఎవరైనా ఉండి చేయించండి.

రామచంద్రపురం మాస్టారు:
నాకు 74. ఇక్కడ అందరూ మా గురించి మాట్లాడుతున్నారు, మాలో ఒకడు మాట్లాడితే బాగుంటుందని రాస్తున్నాను.

మా అబ్బాయి హైదరాబాద్ నుంచి వచ్చి మంచం పక్కన కుర్చీ కమోడ్ ఒకటి పెట్టించాడు. నేను దాని మీద దుప్పట్లు పెట్టుకున్నాను. పడుకునే గదిలో మరుగుదొడ్డి ఏమిటండీ! మా మనవరాలు నర్సింగ్ చదువుతోంది. అది వచ్చి దాని గురించి ఒక్క మాట అనలేదు. "తాతయ్యా, రాత్రి ఎన్ని అడుగులేసి వెళ్తున్నావో పద చూద్దాం" అని నాతో లైటు లేకుండా నడిచింది. కుర్చీ తగిలింది, పట్టా అంచు తగిలింది, చెప్పుల జత తగిలింది. అవన్నీ మర్నాడు నేనే తీశాను. రాత్రికి మాత్రం మూత ఉన్న సీసా మంచం కింద పెట్టుకోవడానికి ఒప్పుకున్నాను. అది మగాడికి వీలు, ఆడవాళ్లకి కుర్చీయే గతి. ఆ కుర్చీ పగలు కంటికి కనపడకుండా చూడండి, సగం గొడవ తగ్గుతుంది.

మాది పందిరి మంచం. దాని మీద కూర్చుంటే కాళ్లు గాల్లో ఊగేవి. మంచం మార్చలేదు, వడ్రంగిని పిలిచి దాని కోళ్లు పొట్టిగా కోయించాను. కూర్చుంటే రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనాలి. లేవగానే పరిగెత్తకుండా కాసేపు అంచున కూర్చుని, కాళ్లు కదిపి అప్పుడు నిలబడతాను. పంచె మడమ కిందకి జారకుండా పైకి కడుతున్నాను. మా ఆవిడ కుచ్చిళ్ల సంగతి మాట్లాడితే మాత్రం నాకు అన్నం దొరకదు.

కరెంటు పోతే దానంతటదే వెలిగే బల్బులు వస్తున్నాయి కదా. మంచం దగ్గర ఒకటి, పెరటి గుమ్మం దగ్గర ఒకటి పెట్టించుకోండి. తుపాను రోజుల్లో టార్చి వెతుక్కుంటూ పడేవాళ్లే ఎక్కువ. కళ్లద్దాలు రెండు రకాల చూపు కలిసినవైతే మెట్లు దిగేటప్పుడు కింది గాజులోంచి మెట్టు మసగ్గా కనపడుతుంది. దూరపు చూపుకి విడిగా ఒక జత చేయించుకున్నాను. శుక్లం ముదిరేదాకా ఆగాలన్నది పాతకాలం మాట, చూపు తగ్గితే ఆపరేషన్ చేయించుకోవడమే.

అత్తిలి కోడలు:
పడ్డాక ఏం చెయ్యకూడదో నేను చెప్తాను. మా అత్తగారు పూజగదిలో దీపం నూనె ఒలికిన చోట జారి పడ్డారు. ఇరుగుపొరుగు వచ్చి లేవదీసి నిలబెట్టబోయారు, ఎవరో నూనె రాసి తోమారు, మా మావయ్య గారు కట్టు కట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్లారు. నొప్పి తగ్గలేదు. ఆసుపత్రికి వెళ్లేసరికి చాలా ఆలస్యమైంది. తుంటి విరిగింది.

ఆ కాలు రెండోదాని కంటే పొట్టిగా ఉంది, పాదం బయటికి తిరిగిపోయింది. అలా కనిపిస్తే నిలబెట్టొద్దు, తోమొద్దు, 108కి ఫోన్ చెయ్యండి. తుంటి ఆపరేషన్ వీలైతే 48 గంటల్లోపే జరగాలని డాక్టర్లు చూస్తారు. ఆలస్యమైన కొద్దీ పుండ్లు, నిమ్ము, రక్తం గడ్డలు. ఎముక కంటే వాటితోనే ఎక్కువ బాధపడ్డాం.

తలకి దెబ్బ తగిలి, గుండె కోసమని రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే, పైకి ఏం కనపడకపోయినా చూపించాల్సిందే. లోపల నెమ్మదిగా రక్తం చేరి, వారాల తర్వాత మతిమరుపుగానో తూలుడుగానో బయటపడొచ్చట.

లంకపిల్లోడు:
ఇదంతా అతి అనిపించట్లేదా? మా తాతమ్మ తొంభై దాటాక కూడా కార్తీకమాసంలో చీకటితో లేచి రేవులో మునిగి వచ్చేది. రాడ్డూ లేదు, బల్బూ లేదు. ఇలా భయపెట్టే మంచాన పడేస్తున్నారు.

భీమవరం ఫిజియో:
లంకపిల్లోడు గారూ, మీ తాతమ్మగారి కాళ్లకి బలం ఉంది కాబట్టే వెళ్లగలిగారు. చిన్నప్పటినుంచి గొంతుక్కూర్చోవడం, నీళ్లు తోడడం, రేవు మెట్లెక్కడం. ఇప్పటివాళ్లకి ఆ పనులు లేవు, సోఫా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఏటా 6,84,000 మంది పడి చనిపోతున్నారు, అందులో అరవై దాటినవాళ్లే ఎక్కువ.

ఐతే మీ రెండో మాట నిజం. ఒకసారి పడ్డ భయంతో కదలడం మానేస్తే కాళ్లు ఇంకా బలహీనపడి మళ్లీ పడతారు. అందుకే రేవుకి వద్దని నేను ఎవరికీ చెప్పను. తోడుతో వెళ్లండి, పాచి పట్టిన కింది మెట్టుకి దిగకుండా పొడి మెట్టు మీద కూర్చుని చెంబుతో పోసుకోండి.

నడక మంచిదే గానీ నడక ఒక్కటే పట్టు ఇవ్వదు. చేతులు వాడకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, కిటికీ చువ్వలు పట్టుకుని మడమలెత్తడం, గోడ పక్కన ఒక పాదం ముందు ఇంకో పాదం ఆనించి నడవడం. ఇవి మానకుండా చేస్తూ ఉండాలి. న్యూజిలాండ్‌లో ఓటాగో పద్ధతి అని ఇంట్లో చేసుకునే ఇలాంటి వ్యాయామాలతోనే పడడం తగ్గించారు.

పాలకొల్లు టు హైదరాబాద్:
కెమెరాల గురించి ఎవరూ చెప్పలేదు. మేం పెట్టాం, అమ్మ దాని మీద తువ్వాలు వేసింది. పడితే మెసేజ్ పంపే వాచీ కొన్నాం, బీరువాలో నగల పక్కన భద్రంగా ఉంది. పనికొచ్చింది వేరే. చిన్న బటన్ ఫోన్ గుడ్డ సంచిలో మెడలో వేసుకుంటుంది, ఒక అంకె నొక్కి పట్టుకుంటే ఎదురింటి పిన్నికి ఫోన్ వెళ్తుంది. పిన్ని దగ్గర ఒక తాళం ఉంది. బాత్రూంకి లోపల గడియ తీయించాం, తలుపు బయటికి తెరుచుకునేలా తిప్పించాం. లోపలికి తెరుచుకునే తలుపుకి అడ్డంగా మనిషి పడితే తీయడం ఎవరి వల్లా కాదు.

రాజోలు ఆడపడుచు:
అందరికీ థాంక్సండి. మాస్టారి మనవరాలి పద్ధతే పాటించాను. రాత్రి అమ్మ వెనకాలే నడిచాను. నడిమి గదిలో కొబ్బరికాయల గోనె దారికి అడ్డంగా ఉంది, "అది నాకు గుర్తుంటుందిలే" అంటూనే దాన్ని చేత్తో తడుముకుని దాటింది. గోనె అటకెక్కింది. బీపీ నిలబెట్టి చూస్తే బాగానే తగ్గింది, అమలాపురంలో చూపించబోతున్నాం. టైల్స్ ఆగాయి, ఆ డబ్బుతో పడకగది పక్కనే చిన్న బాత్రూం కట్టిద్దామని తమ్ముడు ఒప్పుకున్నాడు.

ఒక్క సందేహం. ఎడమ మోకాలు నొప్పి కాబట్టి నాన్న చేతికర్ర ఎడమ చేత్తో పట్టుకుంటోంది. సరేనా?

భీమవరం ఫిజియో:
కాదండి, కుడి చేత్తో. నొప్పి కాలు ముందుకి వేసేటప్పుడే ఎదుటి వైపు కర్ర కూడా ముందుకి పడాలి. చెప్పులేసుకుని చేతులు వదిలేసి నిలబడితే కర్ర పిడి మణికట్టు ముడత దగ్గరికి రావాలి. మీ నాన్నగారిది పొడుగనిపిస్తే కింద కోయించి, కొత్త రబ్బరు బుష్షు వేయించండి. అరిగిపోయిన బుష్షుతో తడి గచ్చు మీద ఆనిస్తే కర్రే ముందు జారుతుంది.