సేవాభావం లేకపోతే నర్సింగ్‌లో చేరకూడదా?

పల్నాటి నాన్న:
మా పెద్దమ్మాయి ఈ ఏడు ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. నీట్‌లో వచ్చిన మార్కులకు ఎంబీబీఎస్ సీటు కలలో మాట. లాంగ్ టర్మ్ కోచింగ్ వద్దని తనే చెప్పి, బీఎస్సీ నర్సింగ్ చేస్తానంది. మొన్న ఒక కాలేజీ చూడటానికి వెళ్ళాం. అక్కడి పెద్దాయన "నర్సింగే ఎందుకమ్మా?" అని అడిగారు. మా పిల్ల ఉన్నదున్నట్టు "నాలుగేళ్ళలో ఉద్యోగం వస్తుందండీ, తర్వాత జర్మనీ వెళ్ళాలనుంది" అంది. ఆయన మొహం మాడ్చుకుని, సేవాభావం లేనివాళ్ళు ఈ వృత్తికి పనికిరారని, ఫ్లోరెన్స్ నైటింగేల్ గాయపడిన సైనికుల మధ్య రాత్రిళ్ళు దీపం పట్టుకుని తిరిగిందని పెద్ద క్లాసే పీకారు. బయటికొచ్చాక మా అక్క కూడా ఆయన వైపే మాట్లాడింది.

ఇంజనీరింగ్‌లో చేరే పిల్లాడు ప్యాకేజీ కోసం అంటే భుజం తడతారు కదా? నర్సింగ్‌లో ఉన్నవాళ్ళు చెప్పండి. మీరెందుకు చేరారు? జీతం కోసం చేరితే తప్పా?

ఆరో వార్డు:
జిల్లా ఆసుపత్రిలో హెడ్ నర్సుగా రిటైరయ్యాను. మీ అమ్మాయి నిజం చెప్పింది, అందుకు తిట్టక్కర్లేదు. అలాగని ఆ పెద్దాయన మాటను పూర్తిగా కొట్టిపారేయకండి.

పక్షవాతం వచ్చి స్పృహ లేకుండా పడి ఉన్న మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. తిప్పినప్పుడల్లా నడుం కింద, మడమల దగ్గర చర్మం ఎర్రబడిందేమో చూడాలి. వేలితో నొక్కితే ఆ ఎరుపు పోయి మళ్ళీ రావాలి. నొక్కినా ఎర్రగానే ఉందంటే పుండు మొదలైనట్టే. దుప్పటి మడత పడకుండా లాగి సర్దాలి, యూరిన్ ట్యూబు కాలి కింద నలగకుండా తప్పించాలి. రాత్రి మూడింటికి ఇదంతా చేశారో లేదో చూసేవాళ్ళుండరు. డాక్టరు గారు పొద్దున రౌండ్స్‌కి వస్తారు. తోడున్న వాళ్ళు బెడ్డు పక్కన చాప వేసుకుని నిద్రపోతుంటారు. పేషెంటు చెప్పలేడు. చార్టులో "పొజిషన్ మార్చాం" అని రాసేయడం ఎంతసేపు? జీతం కోసమే వచ్చిన మనిషి ఆ మూడింటికి కుర్చీలోంచి ఎందుకు లేస్తుంది? తిప్పకుండానే రాసిన పిల్లల్ని చూశాను. డ్యూటీ దిగే టైమ్ దాటినా ఉండి తిప్పి వెళ్ళిన పిల్లల్నీ చూశాను. తేడా ఎక్కడుందో మీరే చెప్పండి.

కరీంనగర్ బ్రదర్:
మేడమ్, నేను మేల్ నర్సుని, గౌరవంతోనే విభేదిస్తున్నా. జీతం తీసుకుంటున్నాడు కాబట్టి లేస్తాడు. నైట్ సర్వీస్ బస్సు డ్రైవరు రాత్రి మూడింటికి కళ్ళు తెరుచుకుని నడిపేది ప్రయాణికుల మీద ప్రేమతో కాదు కదా.

మీరు చెప్పిన తేడా మనసులో కంటే రోస్టర్‌లో (డ్యూటీ పట్టికలో) ఎక్కువ ఉంటుంది. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం జనరల్ వార్డులో అయిదుగురు పేషెంట్లకు ఒక నర్సు ఉండాలి. టీచింగ్ ఆసుపత్రి అయితే ముగ్గురికి ఒకరు, ఐసీయూలో ఒకరికి ఒకరు. నేను మొదట చేరిన ప్రైవేటు ఆసుపత్రిలో నైట్ డ్యూటీలో వార్డు మొత్తానికి ఇద్దరం. బెడ్లు ముప్పై. అందరికీ పది గంటల మందులు ఇచ్చి, సెలైన్లు మార్చి, ఇంటేక్ అవుట్‌పుట్ (ఒంట్లోకి ఎంత నీరు వెళ్ళింది, ఎంత బయటికి వచ్చింది) రాసి, క్యాజువాలిటీ నుంచి వచ్చిన కొత్త అడ్మిషన్ తీసుకునేసరికి తెల్లారేది. అక్కడ నైటింగేల్ అయినా రెండు గంటలకోసారి తిప్పలేదు.

ఇంకో మాట. సేవాభావం గురించి ఎక్కువగా ఎవరు మాట్లాడతారో గమనించారా? జీతం ఇవ్వాల్సినవాళ్ళు. ప్రైవేటు నర్సుల జీతాల మీద 2016లో సుప్రీంకోర్టు కమిటీ వేయమంది. 200 పడకలు దాటిన ఆసుపత్రిలో ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలి, 50 పడకల లోపు చిన్న ఆసుపత్రిలో అయినా నెలకు 20,000కు తగ్గకూడదు అని ఆ కమిటీ చెప్పింది. నాకు మొదట చేతికిచ్చింది అందులో సగం. పెంచమని అడిగితే మేనేజర్ అన్న మాట: "ఇది బిజినెస్ కాదు బాబూ, సేవ." బిల్లింగ్ కౌంటర్ పక్కనే నిలబడి అన్నాడు.

2020 మార్చి 22న దేశమంతా చప్పట్లు కొట్టారు. రెండు నెలలు తిరక్కుండానే కోల్‌కతా ప్రైవేటు ఆసుపత్రుల్లో పనిచేస్తున్న మణిపూర్, ఇతర రాష్ట్రాల నర్సులు వందల మంది ఉద్యోగాలు వదిలి ఇంటిదారి పట్టారు. వాళ్ళకు సేవాభావం లేకనా?

గుంటూరు మనవరాలు:
మా అమ్మమ్మ మిషన్ ఆసుపత్రిలో ట్రైనింగ్ అయిన నర్సు. ఆమె ఎందుకు చేరిందో నాకు బాగా తెలుసు, ఎందుకంటే ఎప్పుడూ దాచలేదు. అన్నం దొరుకుతుందని, హాస్టల్ ఉంటుందని, పదహారేళ్ళకే పెళ్ళి చేయకుండా ఉంటారని.

అసలు మన దగ్గర ఈ వృత్తిలోకి ముందు ఎవరొచ్చారో చూడండి. 1883లో గుంటూరు వచ్చిన అమెరికన్ లూథరన్ డాక్టర్ అన్నా కుగ్లర్ కట్టించిన ఆసుపత్రి గానీ, మెదక్‌లో, ఇతర చోట్ల మిషన్లు పెట్టిన ఆసుపత్రులు గానీ, వాటిలో నర్సులుగా చేరినవాళ్ళలో ఎక్కువ మంది క్రైస్తవ కుటుంబాల అమ్మాయిలు. చాలామంది దళిత ఇళ్ళ నుంచి వచ్చారు. పరాయివాళ్ళ మలమూత్రాలు ఎత్తడం, పరాయి మగవాళ్ళ ఒళ్ళు తుడవడం, రాత్రిళ్ళు ఇంటి బయట ఉండటం పెద్ద కులాల ఇళ్ళలో తలవంపుగా చూశారు. మిగతావాళ్ళు ఛీ అన్న పని కాబట్టి ఆ తలుపు వీళ్ళకు తెరిచి ఉంది. ఆ తలుపులోంచి వెళ్ళి సొంత జీతం, సొంత సంతకం సంపాదించుకున్నారు. ఇప్పుడు జీతం, వీసా వచ్చాక అన్ని కులాల పిల్లలూ వస్తున్నారు, మంచిదే. సరిగ్గా ఇప్పుడే "డబ్బు కోసం రాకూడదు" అనే నీతి వినిపించడం మాత్రం నాకు వింతగా ఉంది.

నైటింగేల్ సంగతి కూడా చెప్పేస్తా, ఆ పెద్దాయన ఎత్తారు కాబట్టి. ఆమె డబ్బున్న ఇంటి పిల్ల. తండ్రి ఏడాదికి 500 పౌండ్లు ఇచ్చేవాడు, ఆ రోజుల్లో అది చాలా పెద్ద మొత్తం. జీతం లేకుండా పనిచేయగలిగింది అందుకే. కానీ 1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆమె పేరున ఉన్న నిధితో నర్సుల స్కూలు పెట్టినప్పుడు, నేర్చుకునే అమ్మాయిలకే తిండి, వసతి, యూనిఫాం కాక ఏడాదికి 10 పౌండ్లు ఇచ్చారు. నేర్చుకునేటప్పుడే! మన కాలేజీలు ఫీజు తీసుకుని దీపం కథ చెబుతున్నాయి.

సంబంధాల సుబ్బారావు:
నా వృత్తి పెళ్ళి సంబంధాలు చూడటం, అందుకని ఒక ముక్క. ఒకప్పుడు "అమ్మాయి నర్సు" అంటే ఫోను పెట్టేసేవాళ్ళు. "నైట్ డ్యూటీలంట కదా" అనేవాళ్ళు. ఇప్పుడు "యూకేలో నర్సు" అంటే అబ్బాయి తరఫు వాళ్ళే రోజుకు రెండుసార్లు ఫోన్ చేస్తున్నారు, డిపెండెంట్ వీసా వస్తుందా అని. సేవాభావం గురించి ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.

లీడ్స్ తెలుగమ్మాయి:
సుబ్బారావు గారూ, నవ్వు ఆపుకోలేకపోయాను.

పల్నాటి గారూ, నేను డబ్బు కోసమే వచ్చాను. నాన్న చేసిన అప్పు, తమ్ముడి చదువు. ఓఈటీ (ఇంగ్లీషు పరీక్ష) రాసి, సీబీటీ (కంప్యూటర్ మీద రాసే పరీక్ష) పాసై, ఇక్కడికొచ్చాక ఓఎస్‌సీఈ (పని చేసి చూపించే పరీక్ష) గట్టెక్కి, యూకే ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో బ్యాండ్ 5 (నర్సుల మొదటి స్థాయి) నర్సుగా చేస్తున్నా. సిగ్గేమీ లేదు. కాకపోతే మీ అమ్మాయి జర్మనీ అంది కాబట్టి ఎవరూ ముందుగా చెప్పని విషయం ఒకటి చెప్తా.

మన దగ్గర పేషెంటుకు స్నానం, తిండి, బెడ్‌పాన్ అన్నీ ఇంటివాళ్ళో ఆయమ్మో చూసుకుంటారు. నర్సు అంటే ఇంజెక్షన్లు, సెలైన్లు, మందులు, కేస్‌షీట్. ఇక్కడ అటెండెంట్లు పక్కన ఉండరు. పొద్దున్నే పేషెంటును లేపి, ఒళ్ళు కడిగి, కట్టుడు పళ్ళు తోమి, బట్టలు మార్చి, కుర్చీలో కూర్చోబెట్టడం మన పనే. యూకేలో సహాయకులు ఉన్నా నర్సు తప్పించుకోలేదు. జర్మనీలో అయితే ఇంకా ఎక్కువ. ఒళ్ళు కడిగించడం అక్కడ నర్సింగ్‌లో ప్రధాన భాగం, కాన్యులా (సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే గొట్టం) పెట్టడం చాలా చోట్ల డాక్టరు పని. నాతో చదివిన అమ్మాయి జర్మన్ భాష బీ2 స్థాయి (బాగా మాట్లాడగలిగేంత) వరకు నేర్చుకుని వెళ్ళింది. మొదటి నెలలో ఫోన్ చేసి "ఐసీయూలో వెంటిలేటర్లు చూసిన దాన్ని, ఇక్కడ ముసలాయన కాలిగోళ్ళు తీస్తున్నా" అని ఏడ్చింది. వీసా కోసం రావడం తప్పు కాదు. ఏ పనికి వస్తున్నామో తెలియకుండా రావడం మాత్రం నరకం.

ఆరో వార్డు:
బ్రదర్, రోస్టర్ సంగతి ఒప్పుకుంటాను. అయిదుగురికి ఒకరు అనే లెక్క నా సర్వీసులో కాగితం మీదే ఉంది. జీతాల కోసం ధర్నాలో కూర్చున్నదాన్ని నేనూ. కానీ నా ప్రశ్నకు జవాబు రాలేదు. అదే రోస్టర్, అదే ఇద్దరు, అదే ముప్పై బెడ్లు. అందులో ఒకరు లేచి మడమ చూస్తారు, ఒకరు చూడరు. ఆ ఒక్కరిని నేను ఎలా తయారు చేయాలి? జీతం పెంచితే ఇద్దరికీ పెరుగుతుంది.

ఇంకో మాట, లీడ్స్ అమ్మాయి చెప్పిన స్నేహితురాలి సంగతి. ఆ గోళ్ళు తీసే పని చూసి ఏడ్చిందంటే, మన దగ్గర చదివిన నాలుగేళ్ళూ ఆ పని తనది కాదనుకుందనే అర్థం. సేవాభావం అని నేను అనేది దాన్నే. దీపాలూ త్యాగాలూ కాదు. అవతలి మనిషి గోళ్ళు తీయడం చిన్నతనం కాదనుకోవడం. అది లేనివాళ్ళు ల్యాబ్‌కో రేడియాలజీకో వెళ్తే వాళ్ళకూ మంచిది, పేషెంటుకూ మంచిది.

కరీంనగర్ బ్రదర్:
మంచి ప్రశ్నే, కానీ ఆ ఒక్కరిని చేరే రోజే ఇంటర్వ్యూలో పట్టుకోగలరా? నేర్చుకున్న వాక్యం అప్పజెప్పే పిల్లకు ఫుల్ మార్కులు, నిజం చెప్పిన పల్నాటి పిల్లకు అక్షింతలు. అబ్బాయిలకు అదీ లేదు. నేను చేరేటప్పుడు "సీటు దొరక్క వచ్చావా?" అన్నారంతే. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టుల్లో 80 శాతం ఆడవాళ్ళకే అని 2019లో నిర్ణయించారు. సేవ ఆడవాళ్ళకు పుట్టుకతో వస్తుందని నమ్మేవాళ్ళకు ఆ లెక్క బాగానే ఉంటుంది. పురుషుల వార్డులో వంద కిలోల మనిషిని ఎత్తాల్సి వచ్చినప్పుడు మాత్రం "బ్రదర్ ఎక్కడ?" అని కేకలు.

కొత్త స్టాఫ్:
2024 జనవరి 31న ఎల్బీ స్టేడియంలో దాదాపు 7 వేల మందికి స్టాఫ్ నర్సు నియామక పత్రాలిచ్చారు కదా, అందులో నేనొకదాన్ని. మా నాన్న ఆటో నడుపుతారు. నేను చేసింది జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా). మూడేళ్ళలో అయిపోతుంది, ఇంటర్‌లో ఏ గ్రూప్ అయినా పర్లేదు (నాది సీఈసీ), ఫీజు తక్కువ. అంతే కారణం.

మొదటి పోస్టింగ్‌లో వాంతి చూసి బాత్‌రూమ్‌లోకి పరిగెత్తాను. మా ఇన్‌ఛార్జ్ సిస్టర్ తిట్టలేదు, ఉపన్యాసాలు ఇవ్వలేదు. గ్లోవ్స్ చేతిలో పెట్టి "రా, ఇద్దరం చేద్దాం" అంది. ఆమె ఎలా చేస్తుందో పక్కనుండి చూసి నేర్చుకున్నాను. తెర లాగకుండా పేషెంటు బట్టలు తీసేది కాదు. స్పృహ లేనివాళ్ళకు కూడా "తాతా, పక్కకి తిప్పుతున్నా" అని చెప్పి తిప్పేది. నాకు సేవాభావం ఉందో లేదో ఇప్పటికీ తెలీదు. పని వచ్చు. మడమలు చూస్తాను మేడమ్, ఎందుకంటే ఆమె దగ్గర నేర్చుకున్నప్పుడు చూడకపోవడం అనేది లేదు.

గుంటూరు మనవరాలు:
ఆరో వార్డు మేడమ్, ఆ ఒక్కరిని ఎలా తయారుచేయాలన్న మీ ప్రశ్నకు ఈ అమ్మాయి జవాబు చెప్పేసింది అనుకుంటా.

ఆరో వార్డు:
సగం చెప్పింది. అలాంటి ఇన్‌ఛార్జ్ దొరకని చోట ఏం చేయాలి? చాలా కాలేజీల్లో పిల్లలకు చూపించడానికి పేషెంట్లే ఉండరు. బొమ్మ మీద నేర్పి పంపుతారు.

పల్నాటి నాన్న:
అందరికీ థాంక్స్. ఇదంతా మా పిల్లకు చదివి వినిపించాను. కాలిగోళ్ళ దగ్గర కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నాయనమ్మకు రెండేళ్ళు నేనే తీశాను కదా" అంది. మా అక్క మాత్రం ఇంకా ఆయన మాటే కరెక్టంటోంది. కాలేజీ మార్చాలనుకుంటున్నాం. ఏం చూడాలి?

కరీంనగర్ బ్రదర్:
నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఈ ఏడాదికి ఉందో లేదో ముందు చూడండి, పాత కాగితం చూపిస్తే నమ్మొద్దు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మా దగ్గరే ఉంచాలి, చదువయ్యాక మా ఆసుపత్రిలోనే ఇన్నేళ్ళు చేయాలి అని బాండ్ అడిగితే లేచి వచ్చేయండి. విదేశాలకు మేమే పంపిస్తాం అని మొదటి రోజే చెప్పే కాలేజీతో ఇంకా జాగ్రత్త. ఎయిమ్స్‌లో నర్సింగ్ ఆఫీసర్ ఉద్యోగాలకు పెట్టే నార్సెట్ పరీక్ష గురించి ఇప్పుడే చెప్పి ఉంచండి. అక్కడ మూల వేతనమే 44,900 నుంచి మొదలు. జర్మనీ ఒక్కటే దారి కాదని తనకూ తెలియాలి.

ఆరో వార్డు:
బీఎస్సీ కాలేజీకి సొంతంగా 100 పడకల ఆసుపత్రి ఉండాలి. బోర్డు చూసి నమ్మకండి. చెప్పకుండా ఒకరోజు పదకొండింటికి వెళ్ళి వార్డులన్నీ తిరగండి. ఎన్ని బెడ్ల మీద మనుషులున్నారో, వాళ్ళ దగ్గర స్టూడెంట్లు పని చేస్తున్నారో గోడకానుకుని నిలబడ్డారో చూడండి. అమ్మాయిని కూడా తీసుకెళ్ళి, అక్కడి సెకండియర్ పిల్లలతో విడిగా మాట్లాడనివ్వండి. మీరు పక్కన ఉండకండి.