ఆల్టన్ కచేరీకి అమ్మతో డోనెగాల్ వెళ్లాలి, సలహా కావాలి

అందరికీ నమస్కారం. నేను డబ్లిన్‌లో ఉంటున్నాను. ఐరిష్ సంప్రదాయ సంగీతం వాయించే ఆల్టన్ బృందం అంటే నాకు ప్రాణం. డబ్లిన్, గాల్వే, బెల్‌ఫాస్ట్ కలిపి ఇప్పటికి ఏడుసార్లు విన్నాను. గాల్వేలో రెండో వరుసలో సీటు దొరికింది. బృందంలో పాడుతూ ఫిడేలు వాయించే మారేడ్ నీ వీనీ ఫిడేలు మీద కమాను పొట్టి పొట్టి దెబ్బలుగా పడుతుంటే రెప్ప వేయబుద్ధి కాలేదు. ఐర్లండ్ వాయవ్య మూలన ఉన్న డోనెగాల్ కౌంటీ బాణీ అంటే అదే. ఒక రీల్ (వేగంగా సాగే నాట్య బాణీ) నుంచి ఇంకో రీల్‌కి ఆగకుండా మారే ఆ క్షణం కోసమే మళ్లీ మళ్లీ వెళ్తుంటాను.

వచ్చే నెల అమ్మ విజయవాడ నుంచి వస్తోంది. ఇరవై ఏళ్లు కర్ణాటక వయొలిన్ నేర్పింది. ఫోన్‌లో వీళ్ల ఫిడేలు విని, "ఈ వేగంలో కూడా శ్రుతి ఎంత శుద్ధంగా ఉందే!" అంది. డోనెగాల్‌లోని లెటర్‌కెన్నీ పట్టణంలో కచేరీ చూపించి, మర్నాడు మారేడ్ సొంత ప్రాంతం గ్వీడోర్ తీసుకెళ్లాలని ఉంది.

డోనెగాల్‌కి రైలు లేదు, నాకు డ్రైవింగ్ రాదు. కిందటిసారి రాత్రి బస్సు తప్పిపోయి రెండు గంటలు వానలో నిలబడ్డాను. అమ్మకి మోకాళ్ల నొప్పులు, అందుకే టెన్షన్.

లెటర్‌కెన్నీ నుంచి గ్వీడోర్‌కి కారు లేకుండా ఎలా వెళ్తున్నారు? బస్సు సీటు ముందే బుక్ చేసుకోవాలా? పబ్ సెషన్‌లో (పబ్‌లో వాద్యకారులు గుంపుగా కూర్చుని వాయించే చోట) మందు తాగనివాళ్లు టీ తీసుకుని కూర్చోవచ్చా? అమ్మ తన వయొలిన్ తెస్తానంటోంది. సెషన్‌లో ఆ వాద్యకారుల మధ్య కూర్చుని వాయించాలంటే ముందు ఎవరిని అడగాలి? ఆమె నేల మీద కూర్చునే వాయిస్తుంది, అందుకు ఏమైనా అనుకుంటారా? వెళ్లొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి.