10×14 గది, పసుపు గోడలు, 200 కవరింగ్ నగలు: లైట్లు ఎలా ప్లాన్ చేసుకోవాలి?

బందరు కుర్రాడు:

అందరికీ నమస్కారం. మాది మచిలీపట్నం. ఆరేళ్లుగా పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు తీస్తున్నాను, అన్నీ వేరేవాళ్ల స్టూడియో తరఫునే. పోయిన నెల సొంతంగా మేడ మీద ఒక గది అద్దెకి తీసుకున్నాను. 14 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, శ్లాబు ఎత్తు 9 అడుగులు. గోడలకి ఓనరు గారు దసరాకే నిమ్మపండు రంగు వేయించారట, ఆ మాట రోజుకోసారి గుర్తు చేస్తారు.

పని రెండు రకాలు. ఒకటి పాస్‌పోర్ట్ ఫోటోలు, పిల్లల పుట్టినరోజులు, ఫ్యామిలీ ఫోటోలు. రెండోది అనుకోకుండా వచ్చింది. చిలకలపూడిలో కవరింగ్ నగల వ్యాపారి ఒకాయన 200 రకాలు ఫోటో తీసిపెట్టమన్నారు, వాట్సాప్ కేటలాగ్ కోసం. శాంపిల్‌గా 20 తీశాను. నా దగ్గరున్నది ఒక రింగ్ లైటు. కాసులపేరులో ప్రతి కాసు మీదా తెల్లటి చక్రం, చక్రం మధ్యలో నల్లగా నేను! కెంపులు బొగ్గు ముక్కల్లా ఉన్నాయి. ఆయన చూసి "ఇది మా సరుకులా లేదు బాబూ, ఇత్తడి సామాన్లలా ఉంది" అన్నారు.

తర్వాత ఆన్‌లైన్‌లో తెల్ల గుడ్డ డబ్బా తెప్పించి అందులో పెట్టి తీశాను. నా బొమ్మ పోయింది కానీ నగలకి పిండి రాసినట్టు అయింది. మెరుపే లేదు.

కెమెరా క్రాప్ సెన్సర్, 24 మెగాపిక్సెల్. 18-55 కిట్ లెన్స్, 50 ఎంఎం ఉన్నాయి. బడ్జెట్ 40 వేలు, అదీ చీటీ పాడిన డబ్బు. ఫ్లాష్ కొనాలా, ఎల్ఈడీ కొనాలా? మనుషులకీ నగలకీ ఒకే లైట్లు సరిపోతాయా? షాపతను మూడు లైట్ల కిట్ తీసుకోమంటున్నాడు. టెన్షన్‌గా ఉంది, ఒకసారి డబ్బు పెట్టేస్తే మళ్లీ పెట్టలేను.

క్లిక్ రాజా:

బ్రో, ఆలోచించకుండా కిట్ తీసేసుకో. రెండు సాఫ్ట్‌బాక్సులు (తెల్ల గుడ్డ కప్పిన లైటు డబ్బాలు) అటూ ఇటూ, ఒకటి వెనక. నగల రిఫ్లెక్షన్లకి లెన్స్ మీద పోలరైజర్ ఫిల్టర్ పెట్టు, అన్నీ పోతాయి.

పాత స్టూడియో, తెనాలి:

తమ్ముడూ, లైట్ల షాపుకి వెళ్లేముందు పెయింట్ షాపుకి వెళ్లు.

1991లో నేను స్టూడియో పెట్టినప్పుడు గోడలకి లేత గులాబీ రంగు వేయించాను. పెళ్లికూతుళ్లు వచ్చే చోటు కదా, కళగా ఉంటుందని. మొదటి నెల ప్రింట్లు విజయవాడ ల్యాబ్ నుంచి వచ్చాయి. గోడ వైపు చెంప గులాబీగా ఉంది. ల్యాబ్ వాళ్లకి చెబితే ఆ గులాబీ తగ్గించారు, రెండో చెంప ఆకుపచ్చగా మారింది. మనిషికి రెండు చెంపలు రెండు రంగుల్లో ఉంటే ఏ ల్యాబూ సరిచెయ్యలేదు, ఇప్పటి కంప్యూటరూ అంత తేలిగ్గా చెయ్యలేదు. నీ పసుపు గోడలూ అంతే. పైగా నువ్వు తీసేది బంగారు రంగు నగలు. ఒకటి నిమ్మకాయ రంగులో, ఇంకొకటి రాగి రంగులో వస్తే తప్పు కెమెరాది కాదు.

మెరుపు లేని తెలుపు, అంటే మ్యాట్, శ్లాబుకీ గోడలకీ వేయించు. ఓనరు గారిని ఎలా ఒప్పిస్తావో నీ ఇష్టం, ఖాళీ చేసేటప్పుడు మళ్లీ నిమ్మపండు వేయిస్తానని చెప్పు. పొడవు గోడల మీద కర్టెన్ రాడ్ బిగించి నల్ల గుడ్డ వేలాడదియ్యి. తెల్ల గోడ కూడా ఒక లైటే, కాకపోతే దానికి స్విచ్ ఉండదు. కర్టెన్ లాగితే ఆరుతుంది, తీస్తే వెలుగుతుంది. చిన్న గదిలో ఇంతకంటే పనికొచ్చే సామాను నేను చూడలేదు.

ఇక టేపు పట్టుకో. నీ కెమెరాకి 50 ఎంఎం పెట్టి నిలువుగా, తల నుంచి నడుము దాకా తియ్యాలంటే ఆరున్నర అడుగుల దూరం చాలు. అదే లెన్స్‌తో నిలబడ్డ మనిషిని పాదాల దాకా తియ్యాలంటే 14 అడుగులు కావాలి, అంటే నీ గది మొత్తం. కిట్ లెన్స్ 35 దగ్గర పెడితే 10 అడుగులు. మనిషి వెనక బ్యాక్‌డ్రాప్‌కి కనీసం మూడు నాలుగు అడుగులు వదలాలి, లేకపోతే నీడ దాని మీద పడుతుంది, పాస్‌పోర్ట్ ఫోటోకి ఆ నీడే శత్రువు. అంటే ఫుల్ సైజు తీసేటప్పుడు నీ వీపు గోడకి ఆనుతుంది. తలుపు ఆ వైపే ఉంటే తెరిచి మేడ మెట్ల దగ్గర నిలబడి తియ్యి, నవ్వకు, నేను పదేళ్లు అలాగే తీశాను.

ఇంకో సంగతి. శ్లాబు 9 అడుగులంటే ఫ్యాను రెక్కలు 8 అడుగుల దగ్గర తిరుగుతుంటాయి. పెళ్లివారు వచ్చి కూర్చున్నారని కంగారుగా స్టాండు ఎత్తాను ఒకసారి. లైటుకి కట్టిన గొడుగు రెక్కలకి తగిలి ముక్కలై పెళ్లికూతురి ఒళ్లో పడింది. ఆ ఫోటో ఆర్డరూ పోయింది, ఆ గొడుగూ పోయింది. గోడ ఫ్యాను పెట్టుకో.

పోలరైజర్ గురించి పైన రాసిన తమ్ముడికి: అది గాజు మీద, నీళ్ల మీద, వార్నిష్ మీద మెరుపు తగ్గిస్తుంది. వట్టి లోహం మీద మెరుపుని తగ్గించదు. లైటుకి కూడా పోలరైజర్ షీటు కడితే తగ్గుతుంది, కానీ అప్పుడు నగ చచ్చిపోయినట్టు ఉంటుంది. మనకి మెరుపు కావాలి, ఏ మెరుపన్నదే ప్రశ్న.

గరిటె వెనక్కి తిప్పి చూసుకో. నువ్వు, కిటికీ, ట్యూబ్‌లైటు, తలుపు, గది మొత్తం అందులో కనిపిస్తుంది. కాసులపేరులో నలభై కాసులుంటే అవి నలభై చిన్న గరిటెలు. ఒక్కోదానికీ గదిని కనిపించకుండా చెయ్యడం నీ వల్ల కాదు. అందుకని గదినే మార్చు. ఇళ్ల ప్లాన్లు గీసేవాళ్లు వాడే ట్రేసింగ్ పేపరు రోలు స్టేషనరీ షాపులో దొరుకుతుంది. నగ మీద పూరిపాక కప్పులా ఏటవాలుగా దాన్ని కట్టు, వెనక నుంచి ఒకే ఒక్క లైటు వెయ్యి. లైటుని పేపరుకి దగ్గరగా పెడితే మధ్యలో తెల్లగా, అంచుల వైపు మెల్లగా మసకబారుతుంది. దూరం జరిపితే పేపరంతా ఒకే తెలుపు. ఆ తెలుపు నుంచి మసకకి జారే జారుడే బంగారం మీద గుండ్రంగా కనిపిస్తుంది. తర్వాత నల్ల చార్టు నుంచి వేలెడు వెడల్పు ముక్కలు కోసి నగకి అటూ ఇటూ నిలబెట్టు. అంచులకి నల్ల గీత వస్తుంది. నీ గుడ్డ డబ్బాలో పిండి రాసినట్టు ఎందుకయిందంటే అక్కడ నలుపే లేదు, చుట్టూ ఒకే తెలుపు.

కెంపులు నల్లబడ్డాయంటే రాయిలోకి వెళ్లిన వెలుగు కెమెరా వైపు తిరిగి రాలేదన్నమాట. బొట్టుబిళ్లంత అద్దం ముక్క తీసుకుని లెన్స్ పక్క నుంచి రాయి మీదికి వెలుగు తిప్పు. అద్దాన్ని పిసరంత కదుపుతూ ఉంటే ఒకచోట రాయి భగ్గుమంటుంది. అక్కడ ఆపు.

ఇక డబ్బు. మూడు లైట్ల కిట్ వద్దు. మనుషులకి 300 వాట్-సెకన్ల ఫ్లాష్ ఒకటి, నగలకి 60 వాట్ల డేలైట్ ఎల్ఈడీ ఒకటి, సీఆర్ఐ, అంటే రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె, 95 పైన ఉన్నది. రెండూ బోవెన్స్ మౌంట్‌వే (లైటు ముందు సామాను బిగించే పట్టీ రకం) చూసుకో, ఒకే 90 సెంటీమీటర్ల ఆక్టా (ఎనిమిది అంచుల సాఫ్ట్‌బాక్స్) రెండింటికీ పడుతుంది. పిల్లలు ఒకచోట నిలబడరు కాబట్టి ఫ్లాష్. నగ కదలదు, పైగా మెరుపు ఎక్కడ పడుతుందో కంటితో చూస్తూ జరుపుకోవాలి కాబట్టి ఎల్ఈడీ. మనిషికి నీడ వైపు పట్టుకోవడానికి థర్మకోల్ షీటు. మిగిలిన డబ్బుతో గట్టి స్టాండ్లు, ఇసుక సంచులు, మంచి ట్రైపాడ్. కరెంటు పాయింట్లకి ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించు, పాత ఇళ్లలో మూడో రంధ్రం ఊరికే ఉంటుంది.

బందరు కుర్రాడు:

బాబాయ్ గారూ, కాళ్లకి దండం. ఇంకో మూడు అడుగుతాను. కళ్లజోడు పెట్టుకున్నవాళ్ల అద్దాల్లో లైటు కనిపిస్తోంది. ఫ్యామిలీ ఫోటోలో ఒక చివర వాళ్లు తెల్లగా, రెండో చివర వాళ్లు నల్లగా వస్తున్నారు. ట్యూబ్‌లైటు వేసి తీస్తే ఫోటోలో అడ్డంగా చారలు వస్తున్నాయి.

గుట్టపూసలు:

నేను హైదరాబాద్‌లో ఆరేళ్లుగా కేటలాగ్ పనే చేస్తున్నాను. బాబాయ్ గారు లైటు సంగతి చెప్పేశారు, 200 ఎలా లాగాలో నేను చెబుతాను.

వ్యాపారి ఇచ్చిన వరసలో తియ్యకు తమ్ముడూ. ముందు అన్నీ చాపమీద పోసి విడగొట్టు. నున్నగా మెరిసేవి ఒక కుప్ప, నక్షి పని ఉన్నవి ఒక కుప్ప, రాళ్లవి, ముత్యాలవి. మళ్లీ ఒక్కో కుప్పలో సైజు ప్రకారం. ఒక కుప్పకి ఒకసారి లైటు సర్దితే 40 నగలు వరసగా వెళ్లిపోతాయి. వరసలో తీస్తే ప్రతి నగకీ లైటు కదపాలి, నాలుగో రోజుకి ఏడుస్తావు. నేను ఏడ్చాను.

నగ పెట్టే చోట, లైటు స్టాండు కాళ్ల దగ్గర, ట్రైపాడ్ కాళ్ల దగ్గర రంగు టేపు అంటించు. మర్నాడు గదిలోకి వచ్చేసరికి ఎవరో ఒకరు ఊడ్చి స్టాండు పక్కకి జరిపి ఉంటారు. ప్రతి కుప్పకీ మొదటి షాట్‌లో గ్రే కార్డు పెట్టు, రంగు దానితోనే సరిచేసి మిగతావాటికి అదే కాపీ చెయ్యి. ఎఫ్/11, ఐఎస్ఓ 100, షట్టర్ ఎంత వస్తే అంత, రెండు సెకన్ల టైమర్. ఎఫ్/22కి వెళ్లకు, ఫోకస్‌లో ఉండే లోతు పెరిగినా ఫోటో మొత్తంగా మెత్తబడుతుంది. పెద్ద వడ్డాణం అంతా ఫోకస్‌లోకి రాకపోతే రెండు మూడు చోట్ల ఫోకస్ మార్చి తీసి కలుపుకోవచ్చు. ఫ్యాను ఆపాలి, ట్రేసింగ్ పేపరు ఊగుతుంది. బందరు ఎండల్లో ఫ్యాను లేకుండా అంటే తెలుసు, అందుకే తెల్లవారుజామున మొదలుపెట్టు. చెమట చేతులతో పాలిష్ ముట్టుకోకు, నూలు గ్లవ్స్ వేసుకో. వేలిముద్ర ఎడిటింగ్‌లో తుడవాలంటే ఒక్కోదానికి పది నిమిషాలు పడుతుంది.

బాబాయ్ గారు ఒక్క సంగతి చెప్పలేదు. ఈ తెల్ల కప్పు కింద నగల అడుగున కూడా తెల్ల కాగితమే వేస్తారు చాలామంది. గుట్టపూసల హారం అలా తీస్తే ముత్యాలు కనబడవు, బంగారం మాత్రం కనబడుతుంది. ముత్యాలకి బూడిద రంగు కార్డు వెయ్యి.

పాత స్టూడియో, తెనాలి:

అమ్మాయ్, ఒప్పుకుంటున్నాను. నేను ముత్యాలు తీసింది తక్కువ.

తమ్ముడూ, కళ్లజోడూ గరిటే ఒకటే. లైటు ఏ కోణంలో తగిలిందో అదే కోణంలో తిరిగి పోతుంది, ఆ దారిలో నీ కెమెరా ఉంది. లైటుని ఇంకా పైకి ఎత్తు, గడ్డం కొంచెం దించమను. ఇంకా పోకపోతే కళ్లజోడు కాడలు చెవి మీద కాస్త పైకి ఎత్తి పెట్టమను, అద్దాలు కిందికి వాలుతాయి. ఎవరికీ తెలియదు.

ఫ్యామిలీ విషయం లెక్క. లైటుకి మొదటి మనిషి 3 అడుగుల్లో, చివరి మనిషి 6 అడుగుల్లో ఉంటే, చివరివాళ్లకి నాలుగో వంతు వెలుగే అందుతుంది. అదే లైటు మొదటి మనిషికి 8 అడుగుల్లో, చివరి మనిషికి 11 అడుగుల్లో ఉంటే సగం కంటే కాస్త ఎక్కువే అందుతుంది. దూరం జరపడానికి నీకు గది లేదు. అందుకని ఫ్లాష్‌ని వాళ్ల వైపు కాక, నీ వెనక తెల్ల గోడ, శ్లాబు కలిసే మూల వైపు తిప్పి కొట్టు. గోడ మొత్తం లైటవుతుంది, అందరికీ దాదాపు ఒకేలా పడుతుంది. పెయింట్ డబ్బులు అక్కడ తిరిగొస్తాయి.

చారలు ట్యూబ్‌లైటువి. మన కరెంటు 50 హెర్ట్జ్, ఆ లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుమంటాయి. దాని వెలుగుతోనే తియ్యాల్సి వస్తే షట్టర్ 1/50 గానీ 1/100 గానీ పెట్టు. ఫ్లాష్‌తో అయితే ఆ గొడవే లేదు. 1/160, ఎఫ్/8, ఐఎస్ఓ 100 పెట్టి ఫ్లాష్ వెలగకుండా దాని ట్రిగ్గర్ ఆపి ఒక ఫోటో తియ్యి. నల్లగా రావాలి. ఏమైనా కనిపించిందంటే ఆ వెలుగు కూడా నీ ఫోటోలో కలుస్తోందన్నమాట, కిటికీయో ట్యూబో వెతికి ఆపు.

బందరు కుర్రాడు:

మూడు వారాల తర్వాత రాస్తున్నాను, క్షమించాలి. ఓనరు గారు తెలుపుకి ఒప్పుకున్నారు, కానీ వాళ్ల మనవరాలి మొదటి పుట్టినరోజు ఫోటోలు ఫ్రీగా తియ్యాలని షరతు. తీశాను. మూలకి కొట్టిన ఫ్లాష్‌తో పదకొండు మందిని తీస్తే ఎవరూ నల్లబడలేదు.

నగలు 60 అయ్యాయి. మా అమ్మ అద్దం ముక్క పట్టుకుంటోంది, నాకంటే ఆవిడకే బాగా కుదురుతోంది. వ్యాపారి గారు చూసి "ఇప్పుడు మా సరుకే" అన్నారు. తర్వాత జూమ్ చేసి, "మరి ప్రతి కాసు మధ్యలో ఈ నల్ల చుక్క ఏంటి?" అన్నారు. అది పేపరులో లెన్స్ కోసం చేసిన రంధ్రం. దాన్ని ఎలా పోగొట్టాలి బాబాయ్ గారూ?

పాత స్టూడియో, తెనాలి:

పూర్తిగా పోదు, తగ్గించుకోవచ్చు. కెమెరాని, దానితో పాటు రంధ్రమున్న పేపరునీ ఇప్పుడున్న దూరానికి రెట్టింపు వెనక్కి జరుపు, చుక్క దాదాపు సగమవుతుంది. నగ చిన్నదిగా వస్తుంది, క్రాప్ చేసుకో. వాట్సాప్‌కి 24 మెగాపిక్సెల్‌లో ముప్పాతిక వంతు పోయినా ఎక్కువే. రంధ్రం లెన్స్ ముందు గాజు సైజుకే కొయ్యి, చెయ్యి పట్టేంత కాదు. మిగిలిన చుక్కని ఎడిటింగ్‌లో తుడువు, చిన్నదే కాబట్టి త్వరగా పోతుంది. అమ్మగారికి నమస్కారాలు చెప్పు.