ఈ ఎండాకాలం సెలవులకి ఏ పార్క్? ఇంట్లో నలుగురికీ రైడ్స్ పిచ్చి, వెళ్ళొచ్చినోళ్ళు చెప్పండి

కరీంనగర్_కోడలు:
అందరికీ నమస్తే. మేము నలుగురం. నేను, మావారు, పాప మొన్ననే టెన్త్ పరీక్షలు రాసింది, బాబు ఆరో క్లాస్. నలుగురికీ రైడ్స్ అంటే ప్రాణం, నేనైతే చిన్నప్పుడు జాతరలో రంగులరాట్నం దగ్గర కూర్చుంటే మా నాయన వచ్చి చెయ్యి పట్టి లాక్కపోయేదాకా లేచేదాన్ని కాదు, పెళ్ళయినంక నుమాయిష్‌కి పోతే ముందు జెయింట్ వీల్, తర్వాతే షాపింగ్. రవిర్యాల వండర్‌లా మూడుసార్లు అయింది. పాపకి అక్కడి రికాయిల్ రోలర్ కోస్టర్ కంఠతా వచ్చేసింది, ఏ మలుపు తర్వాత ఏం వస్తదో కళ్ళు మూసుకొని చెప్తది. ఈసారి ఇంకా పెద్దది కావాలంటున్నరు. మే రెండో వారంలో ఐదు రోజులు, ట్రైన్ ఖర్చులతో కలిపి 60 వేలు దాటొద్దు. ఇమాజికానా, చెన్నైలో కొత్తగా తెరిచిన వండర్‌లానా, బెంగళూరా? ఒక్కటే చిక్కు, బాబు ఎత్తు 138 సెంటీమీటర్లు. పోయినేడు రైడ్ గేటు దగ్గర ఎత్తు కొలిచే గీత కింద నిలబడి వాడు ఏడ్చిన ఏడుపు ఇంకా మర్చిపోలేదు.

పుణే_తెలుగోడు:
అక్కా, నేను పుణేలో ఎనిమిదేళ్ళుగా ఉంటున్నా, ఊరి నుంచి ఎవరొచ్చినా ఇమాజికా తీసుకెళ్ళడం నా డ్యూటీ అయిపోయింది కాబట్టి వివరంగా చెప్తా. అది ముంబై పుణే ఎక్స్‌ప్రెస్‌వే పక్కన ఖోపోలీ దగ్గర ఉంటుంది, 2013లో తెరిచారు. పెద్ద రైడ్ పేరు నైట్రో. 40 మీటర్ల ఎత్తు, గంటకి 105 కిలోమీటర్ల స్పీడు. దాని స్పెషాలిటీ ఏంటంటే కాళ్ళ కింద ఫ్లోర్ ఉండదు. సీట్లో కూర్చున్నాక భుజాల మీదకి లాక్ దిగుతుంది, అప్పటిదాకా కాళ్ళు ఆనించుకున్న ఫ్లోర్ కిందకి జారిపోతుంది, అంతే, కాళ్ళు గాల్లో. మా చెల్లెలు నా పక్కన కూర్చుని ఫ్లోర్ కదలగానే నా మోచెయ్యి పట్టుకుంది చూడండి, గోళ్ళ గుర్తులు రెండ్రోజులున్నాయి. చెప్పులు ప్లాట్‌ఫామ్ మీదే విడిచి ఎక్కాలి, గుడి మెట్ల దగ్గర విడిచినట్టు వరసగా చెప్పులు, ట్రైన్ వెళ్ళిపోయాక ఆ చెప్పులు మాత్రం మిగిలి ఉంటే చూడ్డానికే గుండె ఝల్లుమంటుంది.

ఒక మాట వినండి. మొదటిసారి ముందు వరసలో, రెండోసారి ఆఖరి వరసలో కూర్చోండి. ముందు కూర్చుంటే పైనుంచి కిందకి దిగే చోట ఒక్క క్షణం ఆగినట్టు వేలాడి మొత్తం లోయ కనపడుతుంది. వెనక కూర్చుంటే ఏమీ కనపడదు కానీ ముందు బోగీలు అప్పటికే జారిపోయి ఉంటాయి కాబట్టి మనల్ని కొండ మీంచి ఈడ్చి పడేసినట్టు లాగేస్తుంది, సీట్లోంచి పైకి లేచిపోతాం. రెండూ వేరే వేరే రైడ్లే అనుకోండి.

ఇంకా స్క్రీమ్ మెషీన్ ఉంది, పెద్ద లోలకం లాగా ఊగుతూ తిరుగుతుంది. డీప్ స్పేస్ అని చీకట్లో వెళ్ళే కోస్టర్ ఒకటి, మలుపు ఎటో తెలీదు కాబట్టి స్పీడు ఉన్నదానికన్నా ఎక్కువ అనిపిస్తుంది, పైగా లోపల కాబట్టి మధ్యాహ్నం ఎండకి అది బెస్ట్. వాటర్ పార్క్, స్నో పార్క్ వేరే టికెట్లు. హైదరాబాద్‌లో రాత్రి ట్రైన్ ఎక్కితే పొద్దున్నే పుణే. లోనావాలాలో రూమ్ తీసుకోండి, అక్కడ్నించి ఘాట్ దిగితే ఓ పాతిక కిలోమీటర్లు. మే అయితే మంచిదే, జూన్ రెండో వారం దాటితే అక్కడ వాన మొదలవుతుంది, ఉరుములు మెరుపులు వస్తే ఏ పార్క్‌లోనైనా బయటి కోస్టర్లు ఆపేస్తారు.

నెల్లూరు_చేపలపులుసు:
మాకు చెన్నై అంటే పక్క వీధితో సమానం కాబట్టి తెరిచిన రెండో నెలలోనే వెళ్ళొచ్చాం. ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద తిరుప్పోరూరు దగ్గర, 2025 డిసెంబర్‌లో తెరిచారు. అక్కడ తంజోరా అని రోలర్ కోస్టర్ ఉంది కదా, అది మన దేశంలో ఆ రకంలో మొదటిది. నైట్రోలో ట్రాక్ మన కింద ఉంటుంది, దీంట్లో ట్రాక్ మన నెత్తిన ఉంటుంది, మనం కింద వేలాడతాం, రోప్‌వేకి వేలాడే కుర్చీలో కూర్చున్నట్టు. కాళ్ళ కింద చెట్టు కొమ్మలు, గోడలు తాకుతాయేమో అన్నంత దగ్గరగా వచ్చి వెళ్ళిపోతాయి, తాకవు, కానీ అప్రయత్నంగా మోకాళ్ళు ముడుచుకుంటాం. నాకు 44 ఏళ్ళు, దిగాక ఓ పావుగంట మాట రాలేదు, తర్వాత మళ్ళీ క్యూలో నిలబడ్డాం.

మే నెల చెన్నై మాత్రం ఆలోచించుకోండి. ఎండ కన్నా ఉక్కపోత. పది నిమిషాలు క్యూలో నిలబడితే చొక్కా పిండుకోవాల్సిందే. మేం వెళ్ళింది జనవరి చివర్లో, హాయిగా ఉంది. మహాబలిపురం అక్కడికి దగ్గరే, రెండూ కలిపి పెట్టుకోవచ్చు.

భీమిలి_గాలి:
మా ఉత్తరాంధ్ర వాళ్ళు ఎవరైనా ఈ చర్చ చదువుతుంటే చెప్తున్నా, మనకి హైదరాబాద్ కన్నా భువనేశ్వర్ దగ్గర. 2024లో అక్కడ కూడా వండర్‌లా తెరిచారు. వైజాగ్ నుంచి సుమారు 440 కిలోమీటర్లు, ట్రైన్లకి కొదవ లేదు. చిన్న పార్కే, పెద్ద కోస్టర్ పిచ్చి ఉన్నవాళ్ళకి ఆనకపోవచ్చు, కానీ పదేళ్ళలోపు పిల్లలుంటే సరిపోద్ది, అట్నుంచటే పూరీ, కోణార్క్.

మియాపూర్_బాబాయ్:
అమ్మా కరీంనగర్ కోడలా, అందరూ రైడ్స్ గురించి చెప్తున్నారు, నువ్వు అడిగిన అసలు చిక్కు ఎవరూ పట్టించుకోలేదు. 138. దాని గురించి నేను చెప్తాను, ఎందుకంటే మా మనవడితో ఇదే అనుభవం.

ముందు పార్క్ ఎంచుకుని తర్వాత పిల్లాడి ఎత్తు చూసుకోవడం కాదు, పిల్లాడి ఎత్తు పట్టే పార్క్ ఎంచుకోవాలి. ఒక్కో రైడ్‌కి ఒక్కో గీత ఉంటుంది, 120 ఒకటి, 130 ఒకటి, 140 ఒకటి. నువ్వు కాగితం మీద ఆ పార్క్ రైడ్స్ అన్నీ రాసుకుని, వాళ్ళ వెబ్‌సైట్లో ఎత్తు చూసి, వాడు ఎక్కగలిగేవాటికి టిక్ పెట్టు. ఇరవైలో పన్నెండు టిక్కులు పడితే వెళ్ళు. నాలుగు పడితే వెళ్ళకు, ఎంత గొప్ప పార్కయినా. నలుగురిలో ఒకడు రోజంతా రెయిలింగ్ పట్టుకుని మిగతావాళ్ళ చెప్పులు, ఫోన్లు కాపలా కాస్తుంటే అది సెలవు కాదు తల్లీ.

పోయినేడాది మేం ఒక పార్క్‌కి వెళ్ళాం, పేరు వద్దులే. మా వాడు 137. ఇంటి దగ్గర గోడకి పెన్సిల్ గీత పెట్టి కొలిస్తే 140 వచ్చింది, తర్వాత తెలిసింది, వాడు మడమలు లేపాడని. గంటా పది నిమిషాలు క్యూ. గేటు దగ్గరకొచ్చాక అక్కడి కుర్రాడు కర్ర తెచ్చి పక్కన పెట్టి, తలమీద జుట్టు నొక్కి, లేదు బాబూ అన్నాడు. మా కోడలు బతిమాలింది, మూడు సెంటీమీటర్లే కదా అని. ఆ కుర్రాడు కోప్పడలేదు, కానీ కదల్లేదు. అప్పుడు తిట్టుకున్నాం, ఇప్పుడు ఆ కుర్రాడికి దండం పెట్టాలనిపిస్తుంది. భుజాల మీద దిగే ఆ లాక్ ఒక సైజు ఒంటికి తగ్గట్టు చేసి ఉంటుంది, పిల్లాడు చిన్నగా ఉంటే లాక్‌కీ వాడికీ మధ్య సందు ఉంటుంది, తలకిందులయినప్పుడు ఆ సందే ప్రమాదం.

కరీంనగర్_కోడలు:
బాబాయ్ గారూ మీ మాట మనసుకి పట్టింది. మావారు మాత్రం పొద్దున లేవగానే కొలిస్తే ఎక్కువ వస్తది, సాయంత్రానికి తగ్గుతది అంటున్నరు, నిజమేనా? ఇంకోటి, మా ఆడపడుచు కొడుకు బూట్లలో మెత్త పెట్టుకొని ఎక్కిండంట, మావోడు అదే పట్టుకొని కూర్చున్నడు.

ఫిజియో_రాజమండ్రి:
పొద్దున ఎక్కువ రావడం నిజమే అండీ. రోజంతా నిలబడి నడిచేసరికి వెన్నుపూసల మధ్య డిస్కులు కొంచెం నొక్కుకుపోతాయి, రాత్రి పడుకుంటే మళ్ళీ సర్దుకుంటాయి, ఒక సెంటీమీటరు దాకా తేడా ఉంటుంది. దాన్ని నమ్ముకుని 138ని 140 చేయలేం.

బూట్లలో మెత్త మాత్రం దయచేసి వద్దు. మెత్త పెడితే గీత దాటుతాడు, భుజాలు పెరగవు కదా. బాబాయ్ గారు చెప్పిన సందు అలాగే ఉంటుంది. ఇంకో ఆరేడు నెలల్లో వాడే పెరుగుతాడు, ఆ వయసులో ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు మామూలు.

పనిలో పని ఇంకో రెండు. రికాయిల్ లాంటి రైడ్లో, ముందుకెళ్ళి మళ్ళీ అదే దారిలో వెనక్కి వచ్చేది, తలని వెనక దిండుకి గట్టిగా ఆనించి ఉంచాలి, వంచి చూడకూడదు. లేకపోతే చెవులు రెండు వైపులా లాక్‌కి కొట్టుకుంటాయి, రాత్రికి మెడ పట్టేస్తుంది. కళ్ళు మూసుకుంటే తిప్పు తగ్గుతుందనుకుంటారు, కొందరికి పెరుగుతుంది, ట్రాక్ ఎటు పోతుందో దాన్నే చూస్తుంటే కడుపులో తిప్పడం తగ్గొచ్చు. స్టెంట్ వేసుకున్నవాళ్ళు, బీపీ అదుపులో లేనివాళ్ళు, డిస్క్ ప్రాబ్లం ఉన్నవాళ్ళు, గర్భిణులు ఎక్కకూడదు. మా క్లినిక్‌కి మే, జూన్‌లో మెడ పట్టేసిందని వచ్చేవాళ్ళలో ఈ పార్కులకి వెళ్ళొచ్చినవాళ్ళు ఏటా ఉంటారు.

డల్లాస్_అక్క:
మీ అందరి మాటలు చదువుతుంటే ఇంటికి వచ్చేయాలనిపిస్తుంది. మాకు ఇక్కడ ఆర్లింగ్టన్‌లో సిక్స్ ఫ్లాగ్స్ ఓవర్ టెక్సస్ ఉంది, 1961 నుంచి నడుస్తోంది. సమ్మర్లో ఇండియా నుంచి అమ్మానాన్నలు, తమ్ముడి పిల్లలు ఎవరొచ్చినా ఒక రోజు అక్కడే. అందులో టైటన్ 245 అడుగులు. మేం ఒకసారి ఒహాయో వెళ్ళి సీడార్ పాయింట్ కూడా చూశాం, సరస్సులోకి పొడుచుకొచ్చిన నేల మీద ఉంటుంది, మిలీనియం ఫోర్స్ 310 అడుగుల మీంచి దిగేటప్పుడు ఎదురుగా నీళ్ళే, నేల కనపడదు. మా పెద్దోడు దిగి నా ఒళ్ళో తల పెట్టుకుని అమ్మా మళ్ళీ అన్నాడు.

నేను నేర్చుకున్నది ఒకటే, గేటు తెరవక ముందే అక్కడ ఉండాలి, తెరవగానే ఎంట్రన్స్ దగ్గర కనపడే రైడ్ వదిలేసి లోపల అన్నిటికన్నా దూరంగా ఉన్న పెద్ద రైడ్‌కి నేరుగా నడిచిపోవాలి. జనం అంతా మొదట కనపడ్డదాని దగ్గర ఆగిపోతారు. ఆ మొదటి గంటలో మూడు పెద్ద రైడ్లు ఎక్కేస్తాం, మధ్యాహ్నం అయితే అదే మూడింటికి సగం రోజు పోతుంది. ఇంకోటి చెల్లీ, ఇక్కడ చాలా పార్కుల్లో అమ్మ ఎక్కి దిగేదాకా నాన్న చిన్నోడితో గేటు దగ్గర ఆగి, తర్వాత నాన్న మళ్ళీ క్యూ కట్టకుండా ఎక్కే పద్ధతి ఉంది. మన దగ్గర కూడా అడిగి చూడండి, అడిగితే పోయేదేం లేదు.

అబుదాబి_సీమోడు:
బడ్జెట్ 60 వేలన్నారు కాబట్టి మీకు కాదు కానీ ఎప్పుడైనా గల్ఫ్‌లో చుట్టాలుంటే గుర్తుపెట్టుకోండి. ఇక్కడ అబుదాబిలో ఫెరారీ వరల్డ్ పార్క్‌లో ఫార్ములా రోస్సా కోస్టర్ స్పీడు గంటకి 240 కిలోమీటర్లు, ఐదు సెకన్లలో అందుకుంటాది. కళ్ళద్దాలు వాళ్ళే ఇస్తారు, ఇసక రేణువు కంట్లో పడితే సూదే. పార్క్ చాలావరకు ఏసీలో కాబట్టి ఎండాకాలంలో కూడా పోవచ్చు.

వనస్థలిపురం_వదిన:
అందరూ మర్చిపోయింది నేను చెప్తా, బట్టలు. వాటర్ రైడ్స్‌లోకి కాటన్ వేసుకుంటే దిగనివ్వరు, నైలాన్ లైక్రా కాస్ట్యూమ్ ఉండాలి. మేం ఒక పార్క్‌కి పదిమందిమి వెళ్ళి, ఎవరికీ లేక అక్కడే పదీ కొన్నాం, ఆ డబ్బుతో ఇంకో రోజు టికెట్లు వచ్చేవి. కోఠీలోనో సుల్తాన్ బజార్‌లోనో ముందే కొనుక్కోండి, మోకాళ్ళదాకా, ఫుల్ చేతులవి కూడా దొరుకుతున్నాయి, మా అత్తగారు కూడా మొహమాటం లేకుండా వేసుకున్నారు.

పొద్దున రెండు ఇడ్లీ చాలు. పెద్ద రైడ్స్ అయ్యేదాకా పూరీ, బిర్యానీ ముట్టుకోవద్దు. ఎండెక్కాక నీళ్ళలోకి, నాలుగు దాటాక మళ్ళీ పైకి. ఆదివారం అస్సలు వద్దు, మంగళ, బుధ చూసుకోండి. మీ పాప టెన్త్ హాల్ టికెట్ జాగ్రత్తగా ఉంచండి, వండర్‌లా వాళ్ళు పరీక్షలు రాసిన పిల్లలకి హాల్ టికెట్ చూపిస్తే డిస్కౌంట్ ఇస్తుంటారు, ఒరిజినల్ అడుగుతారు, బుక్ చేసేముందు ఈ ఏడాది ఉందో లేదో కనుక్కోండి.

కరీంనగర్_కోడలు:
నిన్న రాత్రి నలుగురం కూర్చొని బాబాయ్ గారు చెప్పినట్టు కాగితం పెట్టినం. బాబే రాసిండు, వాడే టిక్కులు పెట్టిండు. మూడు పార్కులకి మూడు కాగితాలు. అనుమానం ఉన్న రైడ్లకి పొద్దున ఫోన్ చేసి అడిగినం. ఇమాజికా కాగితం మీదనే వాడికి టిక్కులు ఎక్కువ పడ్డయి, పైగా డీప్ స్పేస్ చీకట్ల పోతదంటే వాడి కళ్ళు ఇంతింతయినయి. అందుకే ఖోపోలీనే. రెండు రోజులు పార్క్, ఒక రోజు లోనావాలా. నైట్రో వాడిని ఎక్కనిస్తరా లేదా అన్నది అక్కడి కర్రకే వదిలేసినం, ఎక్కనివ్వకపోతే ఏడవనని మాట ఇచ్చిండు. నేను, మావారు ఒకరి తర్వాత ఒకరం ఎక్కుతం, పాప రెండుసార్లు, ముందు వరస ఒకసారి, వెనక వరస ఒకసారి. చెన్నై వచ్చే సంక్రాంతికి, అప్పటికి వాడు 140 దాటితే. వంటింటి తలుపు పక్కన గీత పెట్టి తారీఖు రాసిండు, ఈసారి మడమలు నేలకి ఆనినయా లేదా అని వాళ్ళ అక్క కింద కూర్చొని చూసింది.

పుణే_తెలుగోడు:
సూపర్ అక్కా. ట్రైన్ రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు, మే నెలకి పుణే ట్రైన్లలో బెర్తులు నిలవవు, ఇవాళే చూసుకోండి. తిరుగు టికెట్ కూడా ఇప్పుడే.