“అనా ఆకులు కలాస్”: ఇది విరిగిన అరబ్బీయేనా?

ప్రశ్న

మా బావగారు ఐక్యరాజ్యసమితి శాంతిదళంలో భాగంగా కొంతకాలం దక్షిణ సూడాన్‌లో పనిచేసి వచ్చారు. భోజనానికి పిలిస్తే “అనా ఆకులు కలాస్” అని నవ్వుతారు. అందులో ఆకులూ లేవు, కలశమూ లేదు. “నేను తినేశాను” అని దాని అర్థమట. చివరి మాట మన ‘ఖలాస్’ అని తెలుస్తూనే ఉంది. అయితే అరబ్బీ చదువుకున్న మా పొరుగాయన ఇది విని, వ్యాకరణం రానివాళ్లు మాట్లాడే విరిగిన అరబ్బీ అని కొట్టిపారేశారు. ఆయన మాట సరైనదేనా? తెలిసిన సభ్యులు వివరించగలరు.

జవాబు

మీ పొరుగువారికి అరబ్బీ వచ్చి ఉండవచ్చు గానీ, ఆ వాక్యం అరబ్బీ కాదు. అది దక్షిణ సూడాన్ రాజధాని జూబా పేరుతో పిలిచే జూబా అరబ్బీ. పేరులో అరబ్బీ ఉన్నా, మాటలలో అత్యధిక భాగం సూడాన్ అరబ్బీ నుంచే వచ్చినా, దాని వ్యాకరణం దానిదే. ఇలాంటి భాషను క్రియోల్ అంటారు.

ముందు మీరు అడిగిన మాటనే చూద్దాం. అరబ్బీలో ‘ఖలాస్’ అంటే విడుదల, ముగింపు. ఉర్దూ మీదుగా మనకు వచ్చి, “పని ఖలాస్”, “డబ్బులన్నీ ఖలాస్” అనే వాడుకలో స్థిరపడింది. మన దగ్గర అది ఇప్పటికీ విడి మాటే. జూబాలో మాత్రం ‘ఖ’ పోయి ‘క’ అయింది (మనమూ ఖర్చును కర్చు అనడం లేదా!), అర్థమూ ఒక మెట్టు దిగింది. క్రియ పక్కన చేరి, ఆ పని అప్పటికే పూర్తయిందని చెప్పే వ్యాకరణ సామగ్రిగా మారింది. ఇది వింతేమీ కాదు. ‘తినేశాను’ అన్నప్పుడు మనం దేనినీ ఎక్కడా వేయడం లేదు. ‘తిని వేశాను’లోని ‘వేయు’ తన అసలు అర్థాన్ని వదులుకొని, పని ముగిసిందని తెలిపే ప్రత్యయంలాగా మిగిలింది. మీరు ఆ వాక్యానికి ఇచ్చిన తెలుగులోనే అదే పని మరొక మాటతో జరిగింది.

ఇక వ్యాకరణం లేదన్న ఆరోపణ. అరబ్బీలో ‘తిను’ అనే క్రియ కర్తను బట్టి ఆకుల్, తాకుల్, యాకుల్, నాకుల్ అని మారుతుంది. జూబా అరబ్బీలో ఆ మార్పు లేదు. ‘ఆకులు’ అన్న ఒకే రూపం నాకూ నీకూ అందరికీ సరిపోతుంది. పొరుగువారికి విరిగినట్టు కనిపించింది బహుశా ఇదే. కానీ ఆ ప్రత్యయాలు పోయిన చోట మరికొన్ని చిన్న మాటలు వచ్చి కూర్చున్నాయి. “అనా ఆకులు” అంటే తిన్నాను. “అనా గి ఆకులు” అంటే తింటున్నాను. “అనా బి ఆకులు” అంటే తింటాను. “అనా కాన్ గి ఆకులు” అంటే అప్పుడు తింటూ ఉన్నాను. వీటి వరుసను ఇష్టం వచ్చినట్టు మార్చడానికి వీలులేదు. ‘కాన్ గి’ అనాలే గానీ ‘గి కాన్’ అనకూడదు. ఈ ‘గి’కి సాధారణంగా చూపే మూలం, సూడాన్ అరబ్బీలో ‘కూర్చొని ఉన్న’ అనే అర్థమిచ్చే ‘గాయిద్’. కూర్చొని ఉండడం నుంచి జరుగుతూ ఉండడం పుట్టింది. మన ‘చేస్తూ ఉన్నాడు’ కుదించుకుపోయి ‘చేస్తున్నాడు’ అయిన దారి కూడా దీనికి దూరమైనది కాదు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మరొకటి ఉంది. ‘కాసురు’ అనే మాటలో మొదటి అక్షరాన్ని ఒత్తి పలికితే పగలగొట్టడం. చివరి ‘రు’ను ఒత్తి పలికితే పగలగొట్టబడడం. అరబ్బీ దీనికి క్రియారూపాన్నే మార్చుకుంటుంది, మనం ‘బడు’ అనే ప్రత్యయాన్ని తగిలిస్తాం. వీళ్లు ఏ అక్షరాన్నీ చేర్చకుండా, ఊనికను ఇటు నుంచి అటు జరిపి పని కానిస్తారు. వ్యాకరణం రానివారికి ఇది సాధ్యమయ్యే పని కాదు.

ఇది ఎలా పుట్టిందన్నది కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఆ భాష రూపం ఆ చరిత్రలోనే ఉంది. ఈజిప్టు పాలకుడు మహమ్మద్ అలీ సేనలు 1820–21లో సూడాన్‌ను ఆక్రమించాయి. 1841లో ఈజిప్టు పడవలు తెల్ల నైలు నదిలో ఎదురీది, నేటి జూబా దగ్గరి గొండొకొరో వరకు చేరుకున్నాయి. వాటి వెనుక మొదట ఏనుగు దంతాల వ్యాపారులు, ఆ తరువాత బానిసల వ్యాపారులు వచ్చారు. వారు ముళ్లకంచెలు కట్టుకొని ఏర్పరచుకున్న కోటల వంటి శిబిరాలను జరీబాలు అనేవారు. ఒక్కో జరీబాలో డింకా, బారి, షిలుక్, మోరు, జాండే వంటి వేరువేరు జాతుల నుంచి పట్టుకొచ్చిన పురుషులు సైనికులుగానో కూలీలుగానో ఉండేవారు. స్త్రీలు, పిల్లలు వారితోపాటే ఉండేవారు. ఒకరి భాష మరొకరికి రాదు. అందరికీ వినిపించే ఉమ్మడి మాట పై అధికారుల అరబ్బీయే, అది కూడా ఎక్కువగా ఆజ్ఞల రూపంలో.

ఈ భాషలోని ఎన్నో క్రియలు అరబ్బీ విధిరూపాల నుంచి వచ్చాయని పండితులు చూపుతారు. ‘జీబు’ అంటే తేవడం, అరబ్బీలో “తే!” అనడానికి ‘జీబ్’. ‘ఆమ్సుకు’ అంటే పట్టుకోవడం; దాని వెనుక “పట్టు!” అనే ‘ఇమ్సిక్’ ఉంది. ఎక్కువ క్రియల చివర వినిపించే ‘ఉ’కారం “వాణ్ణి పట్టు, దాన్ని తే” అన్నప్పటి ‘వాణ్ణి, దాన్ని’ల శేషమని ఒక వివరణ ఉంది. అంటే చెవిన పడిన గద్దింపు మాటలను ఏరుకొని, వాటితో తమ ఇంట్లో మాట్లాడుకోవడానికి ఒక పూర్తి భాషను కట్టుకున్నారన్నమాట. దీన్ని విరిగిన భాష అనడానికి నాకు నోరు రాదు.

1881లో ఈజిప్టు పాలన మీద మహదీ తిరుగుబాటు మొదలై, 1885లో సూడాన్ రాజధాని ఖార్టూమ్ పడిపోయింది. దక్షిణాన ఎక్వటోరియా రాష్ట్రానికి గవర్నరుగా ఉన్న ఎమిన్ పాషా, ఆయన సైనికులు ఉత్తరంతో సంబంధాలు తెగి చిక్కుబడ్డారు. 1889లో ఎమిన్‌ను స్టాన్లీ అనే అన్వేషకుడు బయటకు తీసుకుపోయాడు. సలీం బే నాయకత్వంలో ఆల్బర్ట్ సరస్సు దగ్గర మిగిలిపోయిన సైనికులను 1891లో లుగార్డ్ అనే బ్రిటిష్ అధికారి కుటుంబాలతో సహా ఉగాండాకు తరలించి తన సేనలో చేర్చుకున్నాడు. వారి సంతతే నేటి నూబీలు. ఉగాండాలో కంపాలాకు ఉత్తరాన ఉన్న బొంబో, కెన్యాలో నైరోబీకి చెందిన కిబేరా వారి ముఖ్యమైన నివాసాలు. కిబేరా అన్న పేరు కూడా వారి భాషలో అడవి అనే అర్థమిచ్చే ‘కిబ్రా’ నుంచి వచ్చిందే.

ఈ విడిపోవడం వల్ల భాషాపరిశోధకులకు ఒక ఆధారం దొరికింది. దక్షిణ సూడాన్‌లో ఉండిపోయినవారి భాష జూబా అరబ్బీ అయింది, తరలివెళ్లినవారిది నూబీ అయింది. ఈ రెండింటిలోనూ ‘గి’, ‘బి’ అదే పనికి, క్రియకు ముందు అదే చోట కనిపిస్తాయి. విడిపోయాక ఎవరికి వారు విడివిడిగా ఒకే వ్యాకరణాన్ని కనిపెట్టుకున్నారని అనుకోవడం కష్టం. కాబట్టి ఆ చట్రం 1880ల నాటికే చాలావరకు సిద్ధమై ఉండాలి.

వాడుక సంగతి. 2011 జూలై 9న స్వతంత్రమైన దక్షిణ సూడాన్‌లో అధికారభాష ఇంగ్లీషు. అరవైకి పైగా జాతుల భాషలున్న ఆ దేశంలో కాగితం మీద ఇంగ్లీషు నడిచినా, జూబాలోని కొన్యోకొన్యో బజారులో బేరమాడేది, చర్చిలో ప్రసంగించేది, రేడియోలో కబుర్లు చెప్పేది ఎక్కువగా జూబా అరబ్బీలోనే. అక్కడ పుట్టిన చాలామంది పిల్లలకు అదే మొదటి భాష. 2012లో లండన్‌లోని గ్లోబ్ రంగస్థలం మీద షేక్స్పియర్ ‘సింబలీన్’ నాటకాన్ని దక్షిణ సూడాన్ నటులు జూబా అరబ్బీలోనే ఆడారు. కిబేరాలోని నూబీ పిల్లవాడు బడిలో ఇంగ్లీషు, వీధిలో స్వాహిలి, ఇంట్లో నూబీ మాట్లాడతాడు, ఖురాన్‌ను అరబ్బీలో చదువుతాడు. కానీ ఆ అరబ్బీని తన ఇంటి భాష ఆసరాతో అర్థం చేసుకోలేడు. అరబ్బీలో అర్థంకాని పరభాషను ‘రతానా’ అని కాస్త చులకనగా అంటారు. ఆ మాటే నూబీలో ‘రుతాన్’ అయి, భాష అనే గౌరవమైన అర్థంతో నిలిచింది.

మరొక సభ్యుని ప్రశ్న

మా నిజామాబాద్ జిల్లాలో దుబాయి వెళ్లి వచ్చినవాళ్లు “మాఫీ మాలూం”, “మాఫీ ముష్కిల్” అంటుంటారు. అదీ క్రియోలేనా? రుణమాఫీలోని మాఫీకి, దీనికి చుట్టరికం ఉందా?

జవాబు

చుట్టరికం లేదు. రుణమాఫీలోని మాట క్షమించడం అనే అర్థమున్న అరబ్బీ ధాతువు నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. గల్ఫ్ మాఫీ ‘మా’, ‘ఫీ’ అనే రెండు మాటల కలయిక. దాని అర్థం ‘లేదు’ అని మాత్రమే.

గల్ఫ్‌లో మనవాళ్లు మాట్లాడేది పిడ్జిన్. చమురు పెరుగుదలతో 1970ల నుంచి అక్కడ చేరిన తెలుగు, మలయాళ, బెంగాలీ, ఫిలిప్పీన్ కార్మికులు తమ యజమానులతోనూ తమలో తామూ పని గడుపుకోవడానికి వాడుకునే మాట అది. గది తలుపు మూసుకున్నాక ఎవరి భాష వారిదే. కరీంనగర్ మనిషి ఇంటికి ఫోన్ చేసి దానిలో మాట్లాడడు. జరీబాలోనూ మొదట ఇలాంటి భాషే ఉండి ఉండాలి. అక్కడ వేరువేరు జాతుల దంపతులకు పుట్టిన పిల్లలు దాన్నే ఇంటి భాషగా అందుకున్నారు. పిడ్జిన్ క్రియోల్ కావడమంటే అదే.

మీ ఉదాహరణలోనే తేడా చూడవచ్చు. గల్ఫ్‌లో “నాకు తెలియదు” అనడానికి “అనా మాఫీ మాలూం” అంటారు. “నీళ్లు లేవు” అనడానికీ మాఫీయే. జూబాలో “మోయో మాఫీ” అంటే నీళ్లు లేవు, కానీ “నాకు తెలియదు” అనడానికి “అనా మా ఆరుఫు” అనాలి. వస్తువు లేకపోవడానికి మాఫీ, క్రియను కాదనడానికి మా. మనమూ ‘లేదు’ను, ‘తెలియదు’ను కలిపేయం కదా.

అరబ్బీ పాడైపోతోందన్న ఫిర్యాదు మాత్రం కొత్తది కాదు. 11వ శతాబ్దపు అందలూసియా (నాటి ముస్లిం స్పెయిన్) భూగోళవేత్త అల్-బక్రీ గ్రంథంలోనే, నల్లజాతివారు అరబ్బీని విరిచి మాట్లాడుతున్నారన్న ఒక ప్రయాణికుడి ఆక్షేపణ, దానికి నమూనాగా కొన్ని వాక్యాలు ఉన్నాయి.

ఇంకొక సభ్యుని ప్రశ్న

ఆ లెక్కన తారీఖు, హాజరు, జవాబు, మామూలు అంటూ మాట్లాడే మన తెలుగు కూడా సగం క్రియోల్ అనాలేమో?

జవాబు

అనకూడదు. మాటలు అప్పు తెచ్చుకోవడం వేరు, తల్లి భాష తెగిపోవడం వేరు. “రేపటి తారీఖుకు హాజరవుతాడు” అన్న వాక్యంలో మాటలు అరబ్బీవే అయినా ‘కు’ తెలుగుది, ‘అవుతాడు’ తెలుగుది, వరుస తెలుగుది. ఆ వాక్యం పలికే మనిషికి భాష తల్లిదండ్రుల నుంచి తెగకుండా అందింది. జరీబాలో పుట్టిన బిడ్డకు ఆ ధార అందలేదు.

మొదట ప్రశ్న అడిగిన సభ్యుడు

ఈ జవాబులన్నీ బావగారికి చదివి వినిపించాను. ఆయనకు ఒక సంగతి గుర్తుకొచ్చింది. అక్కడ కిస్రా అని, జొన్నపిండిని పులియబెట్టి మన దోసెకన్నా పలుచగా పోసే రొట్టె ఉంటుందట. శిబిరం బయట ఒక ఆవిడ అది చేసి అమ్మేవారు. బావగారు మొదటి రోజుల్లో వెళ్లి, మన వరుసలో మాటలు పేర్చుకొని, “అనా బి కిస్రా ఆకులు” అన్నారట. ఆవిడ పక్కన ఉన్నవాళ్లను పిలిచి మరీ నవ్వి, వేలితో గాలిలో రొట్టెను పట్టి వెనక్కు జరుపుతున్నట్టు చూపిస్తూ, ఒక్కొక్క మాటే విడమరిచి చెప్పారట: “అనా. బి ఆకులు. కిస్రా.”