పియర్ రాబిన్ పాపకు వేసిన ముక్కు ట్యూబు గంటన్నరకే మూసుకుపోతోంది

నెలలు నిండి పుట్టిన పాప, 2.7 కేజీలు, ఇవాళ్టికి 9 రోజులు. పియర్ రాబిన్ లక్షణాలే: కింది దవడ చిన్నది, అంగిలి చీలి ఉంది, నాలుక వెనక్కి జారి గొంతు మూస్తోంది. బోర్లా పడుకోబెడితే బయటి ఆక్సిజన్ లేకుండానే రక్తంలో ఆక్సిజన్ (సాచురేషన్) 96 శాతం. వెల్లకిలా తిప్పిన రెండు నిమిషాలకే డొక్కలు లోపలికి పీక్కుపోయి 80కి పడుతుంది. స్కోప్‌లో స్వరపేటిక బాగానే ఉంది. పాలు నోటి ట్యూబుతోనే.

3.5 సైజు ఈటీ ట్యూబును (మామూలుగా శ్వాసనాళంలోకి వేసే గొట్టం) కుడి ముక్కులోంచి 8 సెం.మీ. దాకా వేశాం. వేయగానే గురక ఆగి, వెల్లకిలా ఉన్నా 94 నిలుస్తోంది. గంటన్నరకి చిక్కటి చీమిడి కట్టేస్తుంది. బయటికి తీస్తే చివర్లో అర సెం.మీ. గోధుమరంగు పెచ్చు. 9కి దింపితే ఓకరింత, 7కి లాగితే నాలుక మొదలు దాటక మళ్లీ గురక. 0.5 ఎంఎల్ సెలైన్ వేసి, 6 ఫ్రెంచ్ (2 మి.మీ.) క్యాథెటర్‌తో నాలుగు గంటలకోసారి చేసే సక్షన్‌ను రెండు గంటలకు తెచ్చాం; ఇప్పుడు రక్తపు చారలు వస్తున్నాయి (సక్షన్ పెంచితే చీమిడీ పెరుగుతుందని తెలిసిందే).

ట్రాకియాస్టమీ (మెడ దగ్గర శ్వాసనాళానికి రంధ్రం చేయడం) దాకా పోకుండా, ట్యూబు కనీసం నాలుగు గంటలు తెరుచుకుని ఉండేలా మీ యూనిట్లలో ఏం మారుస్తున్నారు?